సంతకానికి ముందు తేదీలు చూసుకోండి: రాజీనామా చేయమని కంపెనీ అడిగిన ఐటీ ఉద్యోగికి జవాబు

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. సొంతూరు కావలి. చెన్నైలో ఒక పెద్ద ఐటీ సర్వీసెస్ కంపెనీలో 9 ఏళ్ల సర్వీసు. క్లయింట్ ప్రాజెక్టు ముగిసి 40 రోజులుగా బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఉన్నారు. హెచ్‌ఆర్ పిలిచి, మీరే రాజీనామా పెడితే మూడు నెలల జీతం ఇస్తామనీ, శుక్రవారంలోగా తేల్చమనీ అన్నారు. గ్రాస్ నెలకు 1,30,000, అందులో బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల వేతనం, 52,000. నెల్లూరులో ఫ్లాటుకు ఈఎంఐ నడుస్తోంది. నాన్నగారికి షుగర్, ఆయన మీ కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారు. తమ్ముడు అమెరికాలో హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాడు, అక్కడా ఇదే భయం. సంతకం పెట్టాలా, ఇల్లు ఎలా నడపాలి, ఊళ్లో ఏం చెప్పాలి అన్నవి మీ ప్రశ్నలు.

శుక్రవారం అన్నది వాళ్లు పెట్టుకున్న గడువు. మీరు దానికి కట్టుబడనక్కర్లేదు. ఇలాంటప్పుడు అందరి దృష్టీ ఎంత ఇస్తారన్న దాని మీదే ఉంటుంది. కానీ ఆఖరికి చేతికొచ్చే డబ్బును తేల్చేవి నాలుగైదు తేదీలూ, కాగితం మీది రెండు మూడు మాటలూ. చివరి పనిరోజు ఏది, ఇన్సూరెన్స్ ఏ రోజుతో ఆగుతుంది, పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం వదిలిన రోజు) ఏమని పడుతుంది, విడిచిపెట్టిన కారణం ఏమని రాస్తారు. ఇవి కాగితం మీదకు వచ్చేదాకా అంకె గురించి బేరం మొదలుపెట్టకండి.

మీటింగులో సంతకం చేయకండి. అంతకన్నా ముఖ్యంగా, కంపెనీ పోర్టల్‌లో రాజీనామా బటన్ నొక్కకండి. ఆ పోర్టళ్లలో చాలావాటిలో కారణం ఎంచుకోకుండా ముందుకు పోనివ్వదు. ఆ జాబితాలో ఉండేవి వ్యక్తిగత కారణాలు, మెరుగైన అవకాశం, పై చదువులు. "కంపెనీ వెళ్లమంది" అన్న గడి ఉండదు. ఒకసారి నొక్కాక రికార్డుల్లో మీరు మీ ఇష్టంతో వెళ్లినవారే. హెచ్‌ఆర్ "నొక్కండి, తరువాత మాట్లాడుకుందాం" అంటే తరువాత మాట్లాడటానికి ఏమీ మిగలదు.

మీటింగు అయిన సాయంత్రమే హెచ్‌ఆర్‌కూ మేనేజర్‌కూ ఒక మెయిలు పంపండి, మీ సొంత మెయిల్‌ను కాపీలో పెట్టండి. ఇలా రాస్తే చాలు: "ఈ రోజు ఇన్ని గంటలకు జరిగిన సమావేశంలో నన్ను రాజీనామా చేయమని మీరు కోరారు. రాజీనామా ఆలోచన నాది కాదు. మీ ప్రతిపాదనలోని మొత్తం, లెక్కించిన విధానం, చివరి పనిదినం, ఇన్సూరెన్స్ గడువు, రిలీవింగ్ లెటర్‌లో రాసే కారణం రాతపూర్వకంగా పంపగలరు. చదువుకుని జవాబు ఇవ్వడానికి ఏడు రోజుల సమయం కోరుతున్నాను." కోపం వద్దు, ప్రాధేయపడటం వద్దు. ఈ మెయిలుకు జవాబు రాకపోయినా ఫరవాలేదు, మీరు ఆ రోజే రాసినట్టు ఆధారం ఉంటుంది.

అదే రాత్రి మీ కాగితాలన్నీ దింపుకోండి: ఆఫర్ లెటర్, అపాయింట్‌మెంట్ లెటర్, హైక్ లెటర్లు, వీలైనన్ని పేస్లిప్పులు, ఫారం 16లు, రేటింగులు వచ్చిన మెయిళ్లు, ఇన్సూరెన్స్ ఈ-కార్డు, సెలవుల బ్యాలెన్స్ స్క్రీన్. లాగిన్ ఆగిపోయిన రోజున ఇవేవీ దొరకవు. అయితే క్లయింట్ కోడ్, డిజైన్ పత్రాలు, కస్టమర్ డేటా మాత్రం ఒక్క ఫైలు కూడా సొంత మెయిల్‌కు పంపకండి. ఆ ఒక్క పనితో మీది లేఆఫ్ కాకుండా క్రమశిక్షణ కేసు అయిపోతుంది, పరిహారం పైసా రాదు.

ఇక అంకె. మూడు నెలల జీతం అన్నప్పుడు మొదట అడగాల్సింది బేసిక్కా, గ్రాసా అని. బేసిక్ అయితే 1,56,000. గ్రాస్ అయితే 3,90,000. రెంటి నడుమ తేడా 2,34,000. రెండోది, నోటీసు జీతం అందులో కలిసిందా, విడిగా ఇస్తారా? మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు 90 రోజులని ఉండి, అది రెండు వైపులా వర్తిస్తే, ఆ మూడు నెలలూ ఎటూ మీకు రావలసినవే. అలాంటప్పుడు వాళ్లు పరిహారం అంటున్నది నోటీసు జీతమే, అదనంగా ఒక్క రూపాయి లేదు. ఈ కిటుకు చాలామందికి సంతకం అయ్యాక తెలుస్తుంది.

సర్వీసు ముగిసినప్పుడు చట్టప్రకారం వచ్చే గ్రాట్యుటీ దీనితో సంబంధం లేనిది. అయిదేళ్లు దాటిన ఎవరికైనా రాజీనామా చేసినా, తీసేసినా ఇవ్వాల్సిందే. లెక్క: నెల వేతనం గుణించు 15, భాగించు 26, గుణించు సర్వీసు ఏళ్లు. మీ బేసిక్‌తో ఏడాదికి 30,000, తొమ్మిదేళ్లకు 2,70,000. చివరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. కాబట్టి చివరి పనిరోజు ఎక్కడ పడుతుందో చూసుకోండి, ఒక వారం తేడాతో 30,000 పోవచ్చు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో వేతనం నిర్వచనం మారింది. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే ఆ దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. ఆ ప్రకారం మీ వేతనం 52,000 కాదు, 65,000 దగ్గరకు వస్తుంది. గ్రాట్యుటీ 3,37,500 దాకా పోతుంది. సెటిల్‌మెంట్ షీటులో వాళ్లు ఏ అంకె వాడారో అడగండి. గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి. మిగతా జీతం బకాయిలకు కొత్త వేతన కోడ్ పెట్టిన గడువు, తీసేసినా రాజీనామా చేసినా, రెండు పనిదినాలు. "ఎఫ్ అండ్ ఎఫ్ (ఆఖరి సెటిల్‌మెంట్) 45 రోజులు పడుతుంది" అన్నది కంపెనీ అలవాటు, చట్టం కాదు.

వీటితో పాటు షీటులో వెతకాల్సినవి: మిగిలిన సెలవుల డబ్బు, పూర్తయిన క్వార్టర్ వేరియబుల్ పే, జాయినింగ్ బోనస్ వెనక్కి తీసుకునే షరతు. "భవిష్యత్తులో ఎలాంటి క్లెయిమూ చేయను" అన్న వాక్యం దాదాపు ప్రతి ఒప్పందంలోనూ ఉంటుంది. దానికి ఒప్పుకోవడం తప్పు కాదు, కానీ దానికి ధర ఉంది. గ్రాట్యుటీ, పీఎఫ్, సెలవుల డబ్బు అందులోంచి మినహాయిస్తున్నట్టు రాయించుకోండి. పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతుకు మాత్రం పెద్దగా భయపడక్కర్లేదు. ఉద్యోగం వదిలాక బతుకుతెరువును అడ్డుకునే ఒప్పందం భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. రహస్యాల షరతు మాత్రం చెల్లుతుంది.

రాజీనామా మేలా, తీసేయించుకోవడం మేలా? ఇది అందరూ ఒకే మాటతో తేల్చేసే ప్రశ్న, తేల్చకూడని ప్రశ్న కూడా. చట్టం దృష్టిలో మీరు "వర్కర్" అయితే, ఏడాది దాటిన సర్వీసుకు తొలగింపు పరిహారం ఏడాదికి 15 రోజుల సగటు జీతం. తొమ్మిదేళ్లకు 135 రోజులు, అంటే నాలుగున్నర నెలలు. దానిపైన ఒక నెల నోటీసు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఇదే కొలత, ఇప్పటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇదే. కోడ్‌లో ఇంకో 15 రోజుల వేతనం నైపుణ్య నిధి ద్వారా ఇవ్వాలని కూడా ఉంది. రాజీనామా పెడితే ఇవన్నీ పోతాయి. వాళ్లు ఇస్తానన్న మూడు నెలల బేసిక్ పక్కన ఈ లెక్క పెట్టి చూడండి, ఎవరికి లాభమో తెలుస్తుంది.

మీరు వర్కరా కాదా అన్నది డెజిగ్నేషన్ తేల్చదు, చేసే పని తేల్చుతుంది. సెలవులు మంజూరు చేయడం, రేటింగులు ఇవ్వడం, మనుషులను తీసుకోవడం మీ చేతిలో ఉంటే మేనేజర్ కిందికి వస్తారు. పేరుకు మేనేజర్ అయినా రోజంతా టెక్నికల్ పనే చేస్తుంటే వర్కర్‌నని వాదించవచ్చు. 2015లో తొలగించిన ఒక టీసీఎస్ ఉద్యోగి విషయంలో చెన్నై లేబర్ కోర్టు సరిగ్గా ఈ ప్రశ్న మీదే 2022లో ఉద్యోగి పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ తీర్పులో రెండు పాఠాలున్నాయి. వాదన నిలుస్తుంది, నిలవడానికి ఏడేళ్లు పడుతుంది. అందుకని కోర్టును గమ్యంగా కాకుండా బేరంలో బలంగా వాడుకోండి. ఫిర్యాదు వెళ్లేది మీరు పనిచేసిన చోటి కార్మిక శాఖకు, అంటే చెన్నైలో. నెల్లూరు లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగితే పని కాదు.

నడిమి దారి ఉంది, మీలాంటి చాలామందికి అదే సరైనది. పరస్పర అంగీకారంతో విడిపోవడం, కారణం దగ్గర "సంస్థ పునర్వ్యవస్థీకరణ వల్ల స్థానం రద్దయింది" అని రాయించుకోవడం, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ రెండూ మామూలు నమూనాలో తీసుకోవడం, చివరి పనిదినం వీలైనంత ఆలస్యంగా పడేలా చూసుకోవడం. రికార్డులో "టర్మినేటెడ్" అని పడుతుందని బెదిరిస్తారు. స్థానం రద్దు కావడం వేరు, దుష్ప్రవర్తనకు తీసేయడం వేరు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లకు ఆ తేడా బాగా తెలుసు. ఈ మాటకు ఇంకో చోటా విలువ ఉంది. హోమ్ లోనుతో పాటు ఉద్యోగం పోతే మూడు ఈఎంఐలు కట్టే ఇన్సూరెన్స్ కొందరికి ఉంటుంది, చాలామందికి ఉన్నట్టు గుర్తే ఉండదు. ఆ పాలసీలు స్వచ్ఛంద రాజీనామాకు పైసా ఇవ్వవు. లోను ఫైలు తీసి చూడండి.

మీ తప్పేమిటని అడిగారు. ఎక్కువసార్లు తప్పు లెక్కలో ఉంటుంది, మనిషిలో కాదు. సర్వీసెస్ కంపెనీకి క్లయింట్ ఒక్కో రోల్‌కు ఒక రేటు ఇస్తాడు. ఆ రేటు ఏళ్ల తరబడి కదలదు, మీ జీతం ఏటా కదులుతుంది. తొమ్మిది, పదేళ్ల దగ్గర ఆ రెండు గీతలూ తాకుతాయి. ఆపైన కోడ్ మీద చేయి తీసేసి స్టేటస్ కాల్స్ నడిపే పనిలో ఉంటే మీ పనికి క్లయింట్ దగ్గర బిల్ వసూలు చేయడం ఇంకా కష్టం. టీసీఎస్ 2025 జూన్‌లో ఏడాదికి 225 బిల్లబుల్ (క్లయింట్‌కు బిల్ వేసే) రోజులు ఉండాలి, బెంచ్ 35 రోజులకు మించకూడదు అన్న నియమం తెచ్చింది. జులైలో సిబ్బందిలో దాదాపు 2 శాతం, 12 వేల పైచిలుకు మందిని, ప్రధానంగా మధ్య, పై స్థాయుల్లో తగ్గిస్తామంది. ప్రొడక్ట్ కంపెనీల్లో కారణం వేరు. కోవిడ్ రోజుల్లో విపరీతంగా తీసుకున్నారు, 2022లో వడ్డీ రేట్లు పెరిగాక కోత మొదలైంది. 2022 నవంబరులో మెటా 11 వేలు, 2023 జనవరిలో గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేలు. అక్కడ మంచి రేటింగ్ ఉన్నవారూ పోయారు, టీమ్ మొత్తాన్నే ఎత్తేశారు కాబట్టి.

ఇన్సూరెన్స్ విషయంలో ఆలస్యం పనికిరాదు. గ్రూప్ పాలసీ సాధారణంగా చివరి పనిరోజుతోనే ఆగిపోతుంది, నెలాఖరు దాకా ఉంటుందని అనుకోకండి. నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి కొత్త పాలసీ కొంటే దానికి సంబంధించిన జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) పెట్టవచ్చు. అదే గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారితే, గ్రూపులో గడిపిన ఏళ్లు ఆ వెయిటింగ్‌లో తగ్గుతాయి. దీనికి చివరి రోజుకు ముందే దరఖాస్తు పడాలి. హెచ్‌ఆర్‌ను పాలసీ నంబరు, బీమా కంపెనీ పేరు, నాన్నగారు ఏ తేదీ నుంచి కవర్‌లో ఉన్నారన్న లెటర్ అడిగి, నేరుగా బీమా కంపెనీతో మాట్లాడండి. బీమా కంపెనీ ఆరోగ్య పరీక్షలు అడగవచ్చు, ప్రీమియం పెంచవచ్చు, అందుకు సిద్ధంగా ఉండండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు, ఆ మేరకు కాస్త నయం. ఇంట్లో 70 దాటినవారు ఉంటే ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి. ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం.

ఇక ఇంటి లెక్క. ఒక తెల్లకాగితం మీద ఖర్చులను రెండు వరసలు రాయండి. ఆపితే నష్టం జరిగేవి ఒక వైపు: ఈఎంఐ, మందులు, బీమా ప్రీమియం, స్కూలు ఫీజు, బియ్యం, కరెంటు. ఆపినా ఏమీ కానివి ఇంకో వైపు. మొదటి వరస మొత్తంతో చేతిలో ఉన్న డబ్బును భాగించండి. వచ్చే అంకె మీ ఊపిరి, నెలల్లో. ఎనిమిది నెలల కన్నా తక్కువ వస్తే ఇల్లు మారడం గురించి ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఆరో నెలలో మాట్లాడితే అప్పటికి అద్దెకే సగం పోయి ఉంటుంది. కుటుంబం కావలికి వచ్చేస్తే చెన్నై అద్దె, రవాణా తగ్గుతాయి. కానీ పిల్లల చదువు సంవత్సరం మధ్యలో తెంపకండి, రెండు చోట్లా ఫీజు కట్టాల్సి వస్తుంది. చెన్నై ఇంటి ఓనరుకు ఎన్ని నెలల ముందు చెప్పాలో అగ్రిమెంటులో చూసి, అడ్వాన్సు ఆ నెలల్లో జమ చేసుకునేలా మాట్లాడుకోండి.

సెటిల్‌మెంట్ డబ్బు వచ్చిన రోజున హోమ్ లోను ముందే తీర్చేద్దామన్న కోరిక పుడుతుంది. వద్దు. బ్యాంకులో పడిన డబ్బు మళ్లీ మీ చేతికి రాదు, మీకిప్పుడు వడ్డీ ఆదా కన్నా చేతిలో నగదు ముఖ్యం. ఆరు ఈఎంఐలకు సరిపడా డబ్బు ఈఎంఐ కోసే ఖాతాలోనే ఉంచి, మిగతాది చిన్న చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా విడగొట్టండి, ఒకటి విరగ్గొట్టినా మిగతావి నిలుస్తాయి. ఈఎంఐ కట్టలేని నెల కనిపిస్తుంటే, ఆ నెల రాకముందే బ్రాంచికి స్వయంగా వెళ్లి కాలపరిమితి పెంచమని అడగండి. 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ (మొండిబాకీ) అవుతుంది, ఆ తరువాత బ్యాంకు మాట మారుతుంది.

డబ్బు తక్కువ పడితే క్రెడిట్ కార్డు మీద తిప్పకండి. నెలకు మూడు, మూడున్నర శాతం అంటే ఏడాదికి నలభైకి అటూ ఇటూ. మన వైపు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, అది కూడా నోటు మీద సంతకంతో, బంధువుల మధ్య మాటతో. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకు గోల్డ్ లోను వీటన్నిటికన్నా చవక. బంగారం తాకట్టు పెట్టడం నామోషీ అనుకుని నూటికి రెండు రూపాయలకు తెచ్చుకునే ఇళ్లు కావలిలోనూ కందుకూరులోనూ చాలానే ఉన్నాయి. గోల్డ్ లోను ఒకేసారి అసలూ వడ్డీ తీర్చే రకం అయితే 12 నెలల గడువు తేదీ గోడమీద రాసి పెట్టుకోండి.

పీఎఫ్‌ను ముట్టుకోవడం చివరి పని. 2025 అక్టోబరులో ఈపీఎఫ్ఓ ట్రస్టీల బోర్డు తీసుకున్న నిర్ణయం ప్రకారం ఉద్యోగం పోతే 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, మిగతా పాతిక శాతానికి 12 నెలలు ఆగాలి. క్లెయిమ్ పెట్టే రోజు పోర్టల్‌లో ఏ నియమం చూపుతోందో చూసుకోండి. పెన్షన్ భాగం మాత్రం తీయకండి. మీకు తొమ్మిదేళ్లు అయ్యాయి, పదేళ్లు నిండితే పెన్షన్‌కు అర్హత వస్తుంది. ఇప్పుడు తీసేస్తే మళ్లీ సున్నా నుంచి లెక్క. ఎగ్జిట్ తేదీ కంపెనీ వేయకపోతే, ఆఖరి చందా పడిన రెండు నెలల తరువాత మీరే పోర్టల్‌లో వేసుకోవచ్చు. రిలీవింగ్ లెటర్‌లో ఒక తేదీ, పీఎఫ్‌లో ఇంకో తేదీ ఉంటే కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లో ఇరుక్కుంటారు, రెండూ ఒకటే ఉండేలా చూడండి.

పన్ను గురించి ఒక్క మాట. సెటిల్‌మెంట్ నెలలో టీడీఎస్ భారీగా కోస్తారు. ఏడాది మధ్యలో జీతం ఆగిపోతే మీ వార్షిక ఆదాయం బాగా తగ్గి ఉండొచ్చు, రిటర్న్ వేస్తే కోసినదాంట్లో చాలావరకు వెనక్కి వస్తుంది. మళ్లీ అదే ఏడాది ఉద్యోగం దొరికితే పాత కంపెనీ ఆదాయం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వండి. లేకపోతే మార్చి తరువాత చేతి నుంచి కట్టాల్సి వస్తుంది.

ఊళ్లో ఏం చెప్పాలి? భార్యకు ఈ రోజే, అంకెలతో సహా చెప్పండి. అమ్మానాన్నలకు వారంలోపు. వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పి తలుపేసుకుని కూర్చునే పద్ధతి రెండు నెలలు నడుస్తుంది, ఆ రెండు నెలలూ ఇంటి ఖర్చు ఒక్క రూపాయి తగ్గదు. "ఏందబ్బయా, ఇంకా పోలేదా డ్యూటీకి?" అని అడిగే పక్కింటాయనకు "ప్రాజెక్టు అయిపోయింది, వేరే కంపెనీకి చూస్తున్నా" అన్న ఒక్క మాట చాలు, వివరణ అక్కర్లేదు. నిద్ర పట్టకపోవడం, ఉదయం లేవబుద్ధి కాకపోవడం రెండు వారాలు దాటితే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఉద్యోగం వెతకడంలో మీకు ఒక బలం ఉంది, మీరు దాన్ని లోపం అనుకుంటున్నారు. మార్కెట్‌లో చాలామంది 90 రోజుల నోటీసులో ఉంటారు. ఒక మేనేజర్‌కు వచ్చే సోమవారం మనిషి కావాలంటే మీరు దొరుకుతారు. ఉద్యోగాల సైటు నౌక్రీలోని ప్రొఫైల్‌లో చివరి పనిరోజు తేదీతో సహా "వెంటనే చేరగలను" అని పెట్టండి. హెడ్‌లైన్‌లో డెజిగ్నేషన్ కాదు, టెక్నాలజీ, డొమైన్, ఏళ్లు ఉండాలి. ప్రొఫైల్‌ను రోజూ ఉదయం ఒక చిన్న మార్పుతో తాజాగా ఉంచండి, రిక్రూటర్లు కొత్తగా మారినవాటిని ముందు చూస్తారు. రెజ్యూమె రెండు పేజీలు దాటకూడదు. ప్రతి ప్రాజెక్టుకు మీరు స్వయంగా చేసిన పని, దానివల్ల తగ్గిన సమయమో ఖర్చో అంకెలో ఉండాలి. "టీమ్‌తో సమన్వయం చేశాను" అన్న వాక్యాలు కొట్టేయండి, వాటివల్లే మీ వరసలోని వాళ్లు పోతున్నారు.

రోజుకు యాభై అప్లికేషన్లు కొట్టడం కన్నా అయిదు రెఫరల్స్, అంటే లోపల పనిచేసేవారి సిఫారసులు, అడగడం మేలు. కాలేజీ వాట్సాప్ గ్రూపులో "ఎక్కడైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి" అని పెడితే అందరూ దండం పెట్టే ఎమోజీ పెట్టి ఊరుకుంటారు. ముందు కంపెనీ సైటులో జాబ్ నంబరు వెతకండి, ఆపైన అక్కడ పనిచేసే సీనియర్‌కు విడిగా ఇలా పంపండి: "అన్నా, మీ కంపెనీలో ఈ నంబరు జాబ్ ఉంది. జావా, స్ప్రింగ్ బూట్, బ్యాంకింగ్, 9 ఏళ్లు. వెంటనే చేరగలను. రెజ్యూమె జతచేశాను, రెఫర్ చేయగలవా?" ఆయన చేయాల్సిన పని రెండు నిమిషాలది అయినప్పుడే చేస్తాడు. హైదరాబాద్, చెన్నైల్లోని విదేశీ కంపెనీల సొంత సెంటర్లను, అంటే జీసీసీలను ముందు చూడండి. అక్కడ డొమైన్ తెలిసిన మధ్యస్థాయి వాళ్లకు విలువ ఉంది. వేరే ఏజెన్సీ జీతం ఇచ్చే థర్డ్ పార్టీ పేరోల్ ఉద్యోగం తక్కువేమీ కాదు, పీఎఫ్ కోస్తున్నారా, కాంట్రాక్టు ఎన్ని నెలలు అన్నవి రాతలో ఉంటే తీసుకోండి.

ఎందుకు బయటికొచ్చారని అడిగితే రెండు వాక్యాలు: "ఫలానా నెలలో క్లయింట్ కాంట్రాక్టు ముగిసింది, మా స్థానాలు రద్దయ్యాయి. అప్పటినుంచి ఈ పని నేర్చుకుంటున్నాను." అక్కడితో ఆగండి. నేర్చుకునేది కూడా మీకు తెలిసిన దాని పక్కనే ఉండాలి: మాన్యువల్ టెస్టింగ్ నుంచి ఆటోమేషన్‌కు, సపోర్టు నుంచి క్లౌడ్ ఆపరేషన్స్‌కు, మెయిన్‌ఫ్రేమ్ నుంచి మెయిన్‌ఫ్రేమ్‌ను కొత్త వేదికకు మార్చే ప్రాజెక్టులకు. ఆరు వారాల్లో చూపించగలిగేది ఒకటి తయారు చేయండి. రెండు లక్షలు కట్టి ఏఐ కోర్సులో చేరడం సెటిల్‌మెంట్ డబ్బును ఇంకొకరి జీతంగా మార్చడమే.

కావలి నుంచి ఇంటర్వ్యూలు ఇవ్వాలంటే అక్టోబరు, డిసెంబరు మధ్య మన తీరాన వానలు, వాయుగుండాలు, కరెంటు కోతలు. రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకోండి, కొన్ని గంటలు నిలుస్తుంది. ఫైబర్ ఒక కంపెనీది, ఫోన్ హాట్‌స్పాట్ ఇంకో కంపెనీది ఉండాలి. హైదరాబాద్‌లో ముఖాముఖి ఇంటర్వ్యూ అంటే రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారికి సికింద్రాబాద్, హోటలు ఖర్చు ఉండదు.

రెండు ఉచ్చులు. ఒకటి బ్యాక్‌డోర్. లక్షో రెండు లక్షలో కడితే పెద్ద కంపెనీలో చేరుస్తామనీ, ఖాళీ నెలలకు అనుభవం కాగితాలు ఇస్తామనీ చెప్పేవాళ్లు. వెరిఫికేషన్‌లో ఇప్పుడు యూఏఎన్ (పీఎఫ్ నంబరు) కింద పడిన చందాల చరిత్రే చూస్తారు, లేని కంపెనీకి చందా ఉండదు. ఖాళీ నెలలు ఉన్నవాడికి ఉద్యోగం దొరుకుతుంది, దొంగ కాగితంతో పట్టుబడినవాడికి కష్టం. రేటింగులు ఇస్తే డబ్బులన్న టెలిగ్రాం పనులు, థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలు ఇంకా ప్రమాదం. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

రెండోది మన జిల్లాకే సొంతం: చేతికొచ్చిన అయిదారు లక్షలు వనామీ రొయ్యల చెరువు లీజులో పెట్టమనే సలహా. మూడు నాలుగు నెలల్లో రొయ్య పట్టుబడికి వస్తుంది, డబ్బు రెట్టింపు అని చెబుతారు. ఖర్చులో సగం మేతకే పోతుంది. వైట్‌స్పాట్ వైరస్ తగిలితే వారం పది రోజుల్లో చెరువంతా తుడిచిపెట్టుకుపోతుంది. రొయ్య బాగా వచ్చినా కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) ధర మీ చేతిలో లేదు, 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు ఏళ్ల తరబడి చేస్తున్న రైతులే తట్టుకోలేకపోయారు. నీటికి గాలి అందించే ఏరియేటర్ శబ్దం మారితే రాత్రి రెండింటికి లేచి చూసే అలవాటు ఉన్నవాడి వ్యాపారం అది. చేయాలనే ఉంటే ఉద్యోగం దొరికాక, పోయినా ఫరవాలేదనుకున్న డబ్బుతో చేయండి.

తమ్ముడి సంగతి. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 (అమెరికాలో ఉండటానికి ఇచ్చిన అనుమతి) గడువు, ఏది ముందైతే అది. ఆ లెక్క మామూలుగా జీతం వర్తించే ఆఖరి రోజు నుంచి మొదలవుతుంది. చేతికిచ్చే పరిహారం గడువును పెంచదు. కాబట్టి కంపెనీని డబ్బు కన్నా పేరోల్ మీద ఇంకొన్ని వారాలు ఉంచమని అడగడం అక్కడ ఎక్కువ విలువైనది. ఆ 60 రోజుల్లోపు కొత్త కంపెనీ పిటిషన్ దాఖలై ఉండాలి, లేదా హెచ్4 (భార్య లేదా భర్త హెచ్‌1బీ మీద ఆధారపడే వీసా) కో, బీ2 (సందర్శకుల వీసా) కో మార్పుకు దరఖాస్తు పడాలి. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు దాటితే, పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా ఆమోదం రద్దు కాదు, దాని కాపీ ఇప్పుడే అడిగి తీసుకోమనండి. హెచ్‌1బీ కాలం ముగియకముందే కంపెనీ తీసేస్తే ఇండియాకు తిరుగు ప్రయాణం ఖర్చు దానిదే. వచ్చేద్దామా అని తొందరపడే ముందు ఒకటి చూసుకోమనండి: 2025 సెప్టెంబరు 21 నుంచి అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్‌1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అక్కడే ఉండగా కంపెనీ మారడానికి అది వర్తించదు. విమానం టికెట్ కొనే ముందే అక్కడి ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడటం మంచిది.